టోల్ రోడ్డుకు పెట్టిన డబ్బు తిరిగి వచ్చేసిందా? మీరే లెక్క కట్టుకునే విధానం

"ఆ రోడ్డు ఖర్చు ఎప్పుడో వచ్చేసి ఉంటుంది, ఇంకా టోల్ ఎందుకు కట్టాలి?" అని పాఠకులు పదేపదే అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. అయితే దీనికి దొరికే జవాబుల్లో చాలావరకు ఒకే పద్ధతిలో వస్తాయి: రోజుకు ఇన్ని వేల బండ్లు, బండికి వంద రూపాయలు, ఏడాదికి 365 రోజులు అని హెచ్చవేసి, వచ్చిన మొత్తాన్ని నిర్మాణ వ్యయంతో పోల్చి, అయిదారేళ్లలోనే అంతా వసూలైందని తేల్చేస్తారు. ఆ లెక్క తప్పు. అలాగని టోల్ వసూలు చేసే సంస్థ చూపించే నష్టాల లెక్కను కళ్లుమూసుకుని నమ్మాల్సిన పనీ లేదు. నగరం నుంచి నగరానికి వెళ్లే ఒక జాతీయ రహదారిని తీసుకుని, బహిరంగంగా దొరికే కాగితాలతో, ఒక స్ప్రెడ్‌షీట్‌తో ఎవరైనా నిజానికి దగ్గరగా వెళ్లగలరు. అదెలాగో ఇక్కడ వివరిస్తున్నాను.

దగ్గర ఉంచుకోవలసినవి

- ఆ రహదారి కన్సెషన్ ఒప్పందం (రోడ్డు వేసే లేదా నడిపే పనిని ప్రభుత్వం ఒక సంస్థకు నిర్ణీత కాలానికి అప్పగించే ఒప్పందం) ప్రతి. ఎన్‌హెచ్‌ఏఐ (జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ) పరిధిలోని చాలా ప్రాజెక్టుల ఒప్పందాలు ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. అనుబంధ ఒప్పందాలు ఉంటే వాటినీ తీసుకోండి, అసలు మార్పులన్నీ వాటిలోనే దాగి ఉంటాయి.
- టోల్ ధరల గెజిట్ నోటిఫికేషన్, ఈ ఏడాది ధరల పట్టిక.
- వాహన తరగతుల వారీగా నెలవారీ ట్రాఫిక్, వసూళ్ల వివరాలు.
- టోల్ వసూలు చేసే సంస్థ వార్షిక ఖాతాలు. ప్రతి రహదారికీ సాధారణంగా ప్రత్యేకంగా ఒక కంపెనీని పెడతారు. మీకు కావలసింది ఆ చిన్న కంపెనీ ఖాతాలే గాని, దాని మాతృ సంస్థవి కావు.
- టోకు ధరల సూచీ అంకెలు.

1. ముందుగా ఆ రోడ్డు ఏ పద్ధతిలో కట్టారో తేల్చుకోండి

ఈ మెట్టు దాటేసినవారి లెక్క మొత్తం వృథా అవుతుంది. టోల్ గేటు ఉన్నంత మాత్రాన ఆ డబ్బు ప్రైవేటు సంస్థకే వెళుతుందని అనుకోకూడదు.

బీఓటీ (కట్టి, నడిపి, తిరిగి అప్పగించే) టోల్ పద్ధతిలో సంస్థ అప్పు తెచ్చి, సొంత డబ్బు కలిపి రోడ్డు వేస్తుంది. గడువు తీరేదాకా టోల్ తానే తీసుకుంటుంది. బండ్లు రాకపోతే నష్టం కూడా దానిదే. యాన్యుటీ పద్ధతిలో సంస్థకు ప్రభుత్వం ఆరు నెలలకోసారి నిర్ణీత మొత్తం చెల్లిస్తుంది, టోల్ ప్రభుత్వానికి చేరుతుంది. 2016లో ఆమోదం పొందిన హైబ్రిడ్ యాన్యుటీలో నిర్మాణ సమయంలోనే 40 శాతం వ్యయాన్ని ప్రభుత్వం ఇస్తుంది, మిగిలిన 60 శాతం సంస్థ పెట్టి 15 ఏళ్లపాటు వాయిదాల్లో రాబట్టుకుంటుంది. ఇక్కడా టోల్ ప్రభుత్వానిదే. ఈ రెండు పద్ధతుల్లోనూ "సంస్థ టోల్‌తో ఎంత సంపాదించింది" అన్న ప్రశ్నే తలెత్తదు.

ఇక టీఓటీ (టోల్ తీసుకుని, నడిపి, తిరిగి అప్పగించే పద్ధతి) ఉంది. ఇందులో ప్రభుత్వం ఇప్పటికే వేసిన రోడ్డును ఒకేసారి పెద్ద మొత్తం తీసుకుని దీర్ఘకాలానికి అప్పగిస్తుంది. 2018లో ఆంధ్రప్రదేశ్, గుజరాత్‌లలోని 9 రహదారి భాగాలను, మొత్తం 681 కిలోమీటర్లను, 30 ఏళ్లకు 9,681.5 కోట్ల రూపాయలకు ఇలాగే ఇచ్చారు. టీఓటీ రోడ్డుకు ఎప్పుడో పెట్టిన నిర్మాణ వ్యయంతో మీ లెక్కకు పని లేదు. సంస్థ కట్టిన ఆ ఏకమొత్తమే దాని పెట్టుబడి.

ఎలా సరిచూసుకోవాలి: ఒప్పందం మొదటి పేజీల్లోనే పద్ధతి పేరు ఉంటుంది. అది దొరకకపోతే "ఫీజు వసూలు చేసే హక్కు" ఎవరికి ఇచ్చారో చెప్పే క్లాజు చదవండి. చేతులు మారిన రోడ్ల విషయంలో తేదీ కూడా చూడాలి. హైదరాబాద్–విజయవాడ రహదారినే తీసుకోండి. సుమారు 181 కిలోమీటర్ల ఈ నాలుగు వరుసల రోడ్డును జీఎంఆర్ సంస్థ బీఓటీ పద్ధతిలో వేసి, 2012 డిసెంబరు నుంచి పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు ప్లాజాల్లో టోల్ తీసుకుంది. రాష్ట్ర విభజన తర్వాత ట్రాఫిక్ తగ్గిందంటూ సంస్థ పరిహారం అడగడం, వివాదం నడవడం జరిగాక, 2024 జూలై 1 నుంచి వసూళ్లు ఎన్‌హెచ్‌ఏఐ చేతికి వచ్చాయి. ఈ రోడ్డు మీద ఆ తేదీకి ముందు లెక్క వేరు, తర్వాత లెక్క వేరు.

2. ఒప్పందంలో ఆరు విషయాలు గుర్తుపెట్టుకోండి

మొత్తం చదవనక్కరలేదు. నిర్మాణ వ్యయం, కన్సెషన్ గడువు, టోల్ మొదలైన రోజు, ప్రభుత్వం ఇచ్చిన గ్రాంటు లేదా సంస్థ ప్రభుత్వానికి కట్టే ప్రీమియం, లక్ష్య ట్రాఫిక్ క్లాజు, ఒప్పందం మధ్యలో రద్దయితే ఇచ్చే పరిహారం క్లాజు. ఈ ఆరు చాలు.

గ్రాంటు ఉంటే దాన్ని వ్యయంలోంచి తీసేయాలి. ప్రీమియం ఉంటే ఏటా వసూళ్లలోంచి తీసేయాలి.

లక్ష్య ట్రాఫిక్ క్లాజును చాలామంది వదిలేస్తారు, నిజానికి మన ప్రశ్నకు సగం సమాధానం అందులోనే ఉంది. జాతీయ రహదారుల నమూనా ఒప్పందం ప్రకారం ఒక నిర్ణీత తేదీ నాటికి ఎంత ట్రాఫిక్ ఉండాలో ముందే రాసుకుంటారు. వాస్తవ ట్రాఫిక్ దానికన్నా 2.5 శాతం మించి తగ్గితే, తగ్గిన ప్రతి ఒక శాతానికి గడువు 1.5 శాతం పెరుగుతుంది, అయితే 20 శాతం మించదు. ట్రాఫిక్ పెరిగితే, పెరిగిన ప్రతి ఒక శాతానికి గడువు 0.75 శాతం తగ్గుతుంది, అదీ 10 శాతానికి లోబడే. అంటే ఊహించిన దానికన్నా బండ్లు ఎక్కువ తిరిగితే ప్రజలకు కొంత ఊరట, తక్కువ తిరిగితే సంస్థకు అంతకు రెట్టింపు ఊరట. మీ రోడ్డుకు ఆ పరీక్ష తేదీ దాటిపోయి ఉంటే, గడువు సవరించారా లేదా అన్నది తప్పక అడగండి.

హెచ్చరిక: ఒప్పందంలో "హామీ రాబడి" అన్న మాట గాని, దాన్ని పోలిన సూత్రం గాని కనిపిస్తే అక్కడే ఆగి, "మొత్తం ప్రాజెక్టు వ్యయం" అన్నదానికి ఇచ్చిన నిర్వచనం రెండుసార్లు చదవండి. ఢిల్లీ–నోయిడా మధ్య 2001లో తెరిచిన డీఎన్‌డీ ఫ్లైవే ఒప్పందంలో ఏటా 20 శాతం రాబడి హామీ ఉంది; ఆ రాబడికి తగ్గిన మొత్తాన్ని మళ్లీ వ్యయానికే కలుపుతూ పోయారు. ఇది ఎంత ప్రమాదకరమో చిన్న లెక్కతో తెలుస్తుంది: 100 కోట్ల లోటును ఏటా 20 శాతం చొప్పున కలుపుతూ పోతే నాలుగేళ్లకు 207 కోట్లు అవుతుంది. బండ్లు ఎన్ని తిరిగినా రాబట్టుకోవాల్సిన మొత్తం ముందుకు పరుగెత్తుతూనే ఉంటుంది. అలహాబాద్ హైకోర్టు 2016 అక్టోబరులో అక్కడ టోల్ ఆపించింది, సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో ఆ తీర్పును సమర్థించింది. ఇలాంటి సూత్రం ఉన్న రోడ్డుకు కింద చెప్పే లెక్క పనికిరాదు, ఒప్పందంలోని సూత్రాన్నే అంచెలంచెలుగా వేసి చూపాలి.

3. మీరు కడుతున్న ధర సరైనదేనా చూడండి

జాతీయ రహదారుల ఫీజు నిబంధనలు, 2008 ప్రకారం నాలుగు అంతకు మించిన వరుసల రోడ్డు మీద కారుకు 2007–08 మూల ధర కిలోమీటరుకు 65 పైసలు. తేలికపాటి సరుకు వాహనాలకు, మినీ బస్సులకు రూపాయి 5 పైసలు. రెండు ఇరుసుల లారీకి, బస్సుకు 2 రూపాయల 20 పైసలు. 2008 ఏప్రిల్ నుంచి ఏటా మూల ధర మీద 3 శాతం చొప్పున, చక్రవడ్డీ లేకుండా పెంచుతారు. ఆ వచ్చిన ధర మీద టోకు ధరల సూచీ పెరుగుదలలో 40 శాతం కలుపుతారు.

2025 ఏప్రిల్‌కు కారు ధర కట్టి చూద్దాం. 18 పెంపులు, ఒక్కొక్కటి 3 శాతం, మొత్తం 54 శాతం. 65 పైసలు 100.1 పైసలు అవుతాయి. ఇక సూచీ: 2007 జనవరి మొదటి వారపు మూల అంకె 208.7. అది పాత 1993–94 శ్రేణిలోనిది, 2025 ధరకు వాడే అంకెలు 2011–12 శ్రేణిలోవి, నేరుగా పోల్చకూడదు. ఆ కొత్త అంకెను శ్రేణులను కలిపే గుణకాలైన 1.561తో, ఆపైన 1.873తో హెచ్చవేసి పాత శ్రేణికి తేవాలి. ముందు సంవత్సరం డిసెంబరు సూచీ 155 అనుకుంటే, పాత శ్రేణిలో అది దాదాపు 453. పెరుగుదల 117 శాతం, అందులో 40 శాతం అంటే సుమారు 46.9. కాబట్టి ధర కిలోమీటరుకు సుమారు రూపాయి 47 పైసలు. 60 కిలోమీటర్ల భాగానికి 88 రూపాయల 20 పైసలు. దగ్గరి అయిదు రూపాయలకు సర్దితే 90.

మీకు వచ్చిన అంకె బోర్డు మీద అంకెతో కలవకపోతే వెంటనే మోసమని తీర్మానించవద్దు. ఈ కింది కారణాలను ఒక్కొక్కటిగా తోసిపుచ్చాకే ఆ మాట అనాలి:

- 2008కి ముందు ఒప్పందాలు చాలావరకు 1997 నిబంధనల కిందివి. వాటిలో కారు మూల ధర 40 పైసలు, సూచీ పెరుగుదల 40 శాతం కాదు, పూర్తిగా కలుస్తుంది.
- 10 కోట్లు అంతకు మించి ఖర్చయిన బైపాస్ భాగానికి ధర ఒకటిన్నర రెట్లు.
- పెద్ద వంతెనలు, సొరంగాలు, ఫ్లైఓవర్లు ఉంటే ఫీజు లెక్కలో వాటి పొడవును ఎక్కువ రెట్లుగా తీసుకుంటారు. అందుకే నోటిఫికేషన్‌లోని పొడవు, మీ బండి మీటరు చూపే పొడవు ఒకటి కావు.
- రెండు వరుసల రోడ్డుకు ధర 60 శాతమే.

4. ట్రాఫిక్‌ను తరగతుల వారీగా పట్టుకోండి

కారుకు, ఏడు ఇరుసుల భారీ వాహనానికి మధ్య ధర తేడా ఆరు రెట్లకు పైనే. అందుకే "రోజుకు 30 వేల వాహనాలు" అన్న ఒక్క అంకెతో ఏమీ తేలదు. తరగతి వారీ సంఖ్య కావాలి.

ఇందుకు మంచి మార్గం సమాచార హక్కు దరఖాస్తు. కన్సెషన్ సంస్థ ప్రైవేటుది కాబట్టి దానికి దరఖాస్తు పెట్టలేరు. ఆ రోడ్డును చూసే ఎన్‌హెచ్‌ఏఐ ప్రాజెక్టు కార్యాలయానికి పెట్టాలి. పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. "ట్రాఫిక్ వివరాలు ఇవ్వండి" అని రాస్తే ఏదో ఒక కాగితం వస్తుంది. దాని బదులు "కన్సెషన్ ఒప్పందం ప్రకారం సంస్థ సమర్పించిన నెలవారీ ఫీజు స్టేట్‌మెంట్ల నకళ్లు, ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు, ప్లాజా వారీగా" అని రాయండి. వాణిజ్య గోప్యత అంటూ తిరస్కరిస్తే, ఆ స్టేట్‌మెంట్లు ఒప్పందం ప్రకారం ప్రభుత్వ సంస్థకు అందిన పత్రాలని చెబుతూ 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయండి.

అది వచ్చేలోగా మీరే లెక్కించాలనుకుంటే, ఏడు రోజులు, 24 గంటలూ లెక్కించాలి. అంత వీలుకాకపోతే ఒక పనిదినం, ఒక శనివారం, ఒక ఆదివారమైనా తీసుకోండి. నేను మొదటిసారి లెక్కించింది సంక్రాంతికి మూడు రోజుల ముందు, విజయవాడ వైపు వెళ్లే వరుసల పక్కన నిలబడి. కార్లు ఒకదాని వెనక ఒకటి అంగుళం సందు లేకుండా వచ్చాయి, చేతిలోని కాగితం మీద కారు గడిలో గీతలు పట్టలేదు. లారీ గడి దాదాపు ఖాళీగా మిగిలింది. ఆ అంకెను 365తో హెచ్చవేసి సంస్థకు వచ్చిన రాబడి ఇంత అని నలుగురికీ చెప్పాను. మామూలు మంగళవారం రాత్రి మళ్లీ వెళ్లి చూస్తే బొమ్మ తలకిందులైంది: కార్లు పలచబడ్డాయి, సిమెంటు లారీలు, కంటైనర్లు వరుస కట్టాయి. చాలా రహదారుల మీద రాబడిలో పెద్ద వాటా సరుకు వాహనాలదే. పండగ రోజు కార్లను చూసి ఏడాది రాబడి చెప్పడం పూర్తిగా తప్పని నాకు ఆ రాత్రే అర్థమైంది.

ఇంకొక సంగతి. ప్రతి బండీ పూర్తి ధర కట్టదు. 24 గంటల్లో తిరుగు ప్రయాణానికి రెండు వైపులా కలిపి ఒకటిన్నర రెట్లే. 50 ప్రయాణాల నెలవారీ పాసుకు మూడింట రెండు వంతులే. 20 కిలోమీటర్లలోపు నివసించేవారి సొంత బండికి విడిగా తక్కువ ధర పాసు. మినహాయింపు వాహనాలు ఎలాగూ ఉన్నాయి. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయల ధరతో మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాసు వల్ల కార్ల సగటు ఇంకా మారింది. అందుకే బండ్ల సంఖ్యను బోర్డు ధరతో హెచ్చవేయడం కన్నా, నెలవారీ వసూళ్లను నెలవారీ బండ్ల సంఖ్యతో భాగించి అసలు సగటును తీసుకోవడమే మేలు.

5. ఏడాది వారీ పట్టిక వేయండి

ప్రతి సంవత్సరానికి ఒక వరుస. నిలువు గడులు అయిదు: ఏడాది మొదట్లో రావలసిన బాకీ, దాని మీద వడ్డీ, టోల్ రాబడి, నిర్వహణ ఖర్చు, ఏడాది చివర బాకీ. సూత్రం ఒక్కటే: మొదటి బాకీకి వడ్డీ కలిపి, నిర్వహణ పోను మిగిలిన రాబడిని తీసేయాలి.

పద్ధతి అర్థం కావడానికి ఊహా అంకెలతో ఒక రోడ్డును తీసుకుందాం. నిర్మాణానికి 1,000 కోట్లు, నిర్మాణ కాలపు వడ్డీ 100 కోట్లు, కలిపి 1,100. అప్పు మీద వడ్డీ, సొంత పెట్టుబడి మీద రాబడి కలిపి సగటున ఏటా 11 శాతం. మొదటి ఏడాది టోల్ 130 కోట్లు, ఏటా 8 శాతం పెరుగుదల. నిర్వహణ 20 కోట్లు, ఏటా 5 శాతం పెరుగుదల. ఏడో ఏట పైపొర మళ్లీ వేయడానికి 60 కోట్లు.

మొదటి ఏడాది వడ్డీ 121 కోట్లు, చేతికి మిగిలింది 110 కోట్లు. బాకీ 1,111కి పెరిగింది. రెండో ఏడాది చివర 1,114. మూడో ఏట తగ్గడం మొదలై 1,107. ఏడో ఏడాది చివర 997, పదో ఏడాది చివర 660, పదమూడో ఏడాది చివర కేవలం 7 కోట్లు. పద్నాలుగో ఏట తీరిపోతుంది.

ఇప్పుడు వడ్డీ, నిర్వహణ లేకుండా వట్టి టోల్‌నే కూడుతూ పోయి చూడండి. ఏడో ఏటికే 1,000 కోట్లు దాటుతుంది. "ఏడేళ్లలో వచ్చేసింది" అనేవారికీ, "పద్నాలుగేళ్లు పడుతుంది" అనేవారికీ మధ్య తేడా అంతా ఇదే. అయితే రెండోవైపు కూడా చూడాలి. ఆ ఒప్పందం గడువు 25 ఏళ్లనుకుంటే, పద్నాలుగో ఏడు తర్వాత వచ్చేదంతా 11 శాతానికి మించిన లాభమే. ఒప్పందం ఉదారంగా ఉందా లేదా అన్నది ఆ చివరి పదకొండేళ్లలో కనిపిస్తుంది, అక్కడే ప్రశ్న అడగాలి.

6. అంకెలు మార్చి మళ్లీ చూడండి

టోల్ పెరుగుదలను 8 నుంచి 5 శాతానికి తగ్గించి, పద్నాలుగో ఏట కూడా పైపొరకు 60 కోట్లు వేయండి. బాకీ తీరేది పద్దెనిమిదో ఏట. ఏడో ఏడాది చివర బాకీ 1,117 కోట్లు, అంటే మొదలుపెట్టిన చోటుకన్నా పైనే. బ్యాంకులు భయపడేది ఇలాంటి రోడ్ల గురించే. మీ లెక్క ఒక్క అంకెతో ముగియకూడదు; "14 నుంచి 18 ఏళ్ల మధ్య" అని పరిధిగా చెప్పండి.

7. కంపెనీ ఖాతాలతో సరిచూడండి

కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కొద్దిపాటి రుసుముతో వార్షిక ఖాతాలు చూడవచ్చు. మీ పట్టికలోని టోల్ రాబడి, ఖాతాలోని టోల్ ఆదాయం అయిదు శాతం లోపల కలిస్తే మీ ట్రాఫిక్ లెక్క బాగున్నట్టే. పది శాతం మించి తేడా వస్తే మీ సగటు ధర తప్పయి ఉంటుంది, మళ్లీ నాలుగో మెట్టుకు వెళ్లండి.

ఖాతాలో "నష్టం" అని కనిపిస్తే అదే తుది మాట అనుకోకండి. రోడ్డు హక్కు విలువను ఏటా కొంత తరుగుగా రాస్తారు. అది చేతినుంచి పోయే డబ్బు కాదు. లాభనష్టాల పట్టిక పక్కన పెట్టి నగదు ప్రవాహ పట్టిక చదవండి. అలాగే మాతృ సంస్థకు చెందిన మరో కంపెనీకే నిర్వహణ పని ఇచ్చి ఉంటే, సంబంధిత పక్షాల లావాదేవీల నోట్‌లో ఆ మొత్తం ఉంటుంది. నిర్వహణ ఖర్చు మీ అంచనాకు రెట్టింపు ఉంటే మొదట వెతకాల్సింది అక్కడే.

తరచుగా జరిగే మరికొన్ని పొరపాట్లు

ఒకే రోడ్డు మీద మూడు ప్లాజాలుంటే మూడింటి బండ్లను కూడి "మొత్తం వాహనాలు" అనకూడదు, ఒకే బండి మూడుసార్లు లెక్కకొస్తుంది. రాబడిని మాత్రం మూడింటినీ కూడాలి.

రోడ్డు విస్తరణ మధ్యలో జరిగితే ఆ ఖర్చును, అది జరిగిన ఏడాదిలో బాకీకి కలపాలి. మొదటి సంవత్సరానికే కలిపితే వడ్డీ అనవసరంగా పెరుగుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది: "సంస్థ డబ్బు తిరిగి వచ్చిందా" అన్నది ఒక ప్రశ్న, "టోల్ ఆగుతుందా" అన్నది మరో ప్రశ్న. ముంబయి–పుణె ఎక్స్‌ప్రెస్‌వేను 2004లో 15 ఏళ్లకు 918 కోట్ల రూపాయలకు అప్పగించారు. ఆ గడువు తీరాక టోల్ ఆగలేదు, 2030 దాకా మళ్లీ 8,262 కోట్లకు ఇచ్చారు. హైదరాబాద్–విజయవాడ మీద సంస్థ తప్పుకున్నాకా గేట్లు పనిచేస్తూనే ఉన్నాయి. గడువు తర్వాత టోల్ వసూలు చేయాలా, ఎంత చేయాలి, ఆ డబ్బు దేనికి వాడాలి అన్నది ప్రభుత్వ నిర్ణయం. దాన్ని కన్సెషన్ సంస్థ లెక్కలో కలిపి వాదిస్తే మీ వాదనే బలహీనపడుతుంది.

లెక్క తేలాక అర్జీ రాసేటప్పుడు పట్టికను జతచేయండి, ప్రతి అంకె పక్కన అది ఎక్కడి నుంచి వచ్చిందో రాయండి: ఒప్పందం క్లాజు సంఖ్య, స్టేట్‌మెంట్ నెల, ఖాతా సంవత్సరం. మీరు ఊహించిన అంకెలను వేరే రంగులో చూపండి. చివర ఒకే ప్రశ్న అడగండి: లక్ష్య ట్రాఫిక్ పరీక్ష తేదీన ఈ రోడ్డు మీద నమోదైన సగటు ఎంత, దాని ప్రకారం గడువు ఎన్ని రోజులు పెరిగింది లేదా తగ్గింది?